నలభై దినాల ముయ్యి

తిరుపాలుకు వంట రాదు. ఈ సంగతి ఊళ్లో ఉన్న ఆయన భార్య అంకాలమ్మకు తెలుసు, దోహాలో ఆయనతో కలిసి తిన్నవాళ్లందరికీ తెలుసు, ఆయన పెట్టిన పప్పన్నం వాసన చూసి గోడ దూకి వెళ్లిపోయిన పిల్లికి కూడా తెలుసు. అలాంటి తిరుపాలు తన యాభై రెండో ఏట, జనవరి నెలలో ఒక శనివారం పొద్దున ఎనిమిది గంటలకు అల్ ముంతజాలో వేణుగోపాలరావుగారి ఫ్లాటు గంట నొక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి, వంట చేయడానికి వచ్చానని చెప్పాడు.

వేణుగోపాలరావుగారు మురుగునీటి పైపులు వేసే కంపెనీలో సీనియర్ ఇంజనీరు. ఏ విషయమైనా కాగితం మీద చూస్తే తప్ప నమ్మని మనిషి. ఆయన తిరుపాలును కిందినుంచి పైదాకా చూసి, హసీనా బదులు వచ్చేది ఆడమనిషి అనుకున్నానన్నాడు. హసీనా కూడా అలాగే అనుకుందని, మనిషిని పంపుతానని మాత్రమే తాను ఆమెతో అన్నానని తిరుపాలు చెప్పాడు. అబద్ధం ఎక్కడా లేదు కాబట్టి వేణుగోపాలరావుగారు దారి ఇచ్చాడు.

హసీనా ఆ ఇంట్లో ఆరేళ్లుగా వంటమనిషి. రాయచోటిలో ఉన్న ఆమె కూతురికి నెలలు నిండాయి. తొలి కాన్పు. తల్లి పక్కన లేకుండా కూతురు కనడమేమిటని హసీనా బాధ. సరిగ్గా అప్పుడే ఇక్కడ వేణుగోపాలరావుగారి భార్య కమలాదేవిగారికి మోకాలు మార్చారు. ఆమె నిలబడి కాఫీ కలుపుకోవడానికి కూడా లేదు. ఏజెన్సీలో అడిగితే కొత్త మనిషిని ఇస్తామన్నారు, కానీ రెండేళ్ల కాంట్రాక్టుకే ఇస్తామన్నారు. అలా కొత్త మనిషి వచ్చిందంటే హసీనాకు తిరిగి రావడానికి చోటుండదు. వేణుగోపాలరావుగారు చెడ్డవాడు కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆయన పని. హసీనా ఈ మాటలన్నీ ఫోనులో తిరుపాలుకు చెప్పుకొని ఏడ్చింది. ఏమీ అడగలేదు. ఊరివాడని చెప్పుకుంది, అంతే. తిరుపాలు మొత్తం విని, టికెట్టు తీసుకోమని, ఆమె పనికి మనిషిని పంపుతానని చెప్పి ఫోను పెట్టేశాడు.

ఆయన అలా అనడానికి నాగూర్ కారణం. నాగూర్ హసీనా భర్త. చనిపోయి రెండేళ్లు దాటింది.

ఈ కథ అర్థం కావాలంటే ముయ్యి అనే మాట ఒకటి తెలియాలి. రాయచోటి పక్క పల్లెల్లో కలుపుతీతకో, చెనిక్కాయలు అనే వేరుశనగ పెరకడానికో ఇంట్లో మనుషులు చాలకపోతే పక్క చేనువాళ్లు వచ్చి చేసిపోతారు. వాళ్లకు పని పడ్డప్పుడు వీళ్లు పోయి చేస్తారు. దాన్ని ముయ్యి అంటారు, వచ్చినవాళ్లను ముయ్యాళ్లంటారు. మధ్యలో డబ్బు రాకూడదు. వచ్చిందంటే అది కూలి, దానికి వేరే మర్యాద. ఇంకో సంగతి కూడా ఉంది, పరాయి ఊరివాళ్లకు ఎంత చెప్పినా ఎక్కనిది. ముయ్యి లెక్క చేసినవాడి దగ్గర ఉండకూడదు, చేయించుకున్నవాడి దగ్గర ఉండాలి. చేసినవాడు వెంటనే మరిచిపోవాలి. నీకు ఫలానా రోజు చేశానని నోరు జారాడంటే, మరుసటి ఏడు వాడి చేను వాడే పెరుక్కోవాలి.

తిరుపాలు, నాగూర్ ఒకే ఊరివాళ్లు. నాగూర్ ముందు దోహాకు డ్రైవరుగా వచ్చాడు, రెండేళ్లకు తన యజమాని అన్నగారి ఇంట్లో డ్రైవరు కావాలంటే తిరుపాలును పిలిపించాడు. అన్నదమ్ముల విల్లాలు రెండూ అల్ తుమామాలో పక్కపక్కనే, మధ్య గోడకు ఒక చిన్న తలుపు. ఆ తలుపు అన్నదమ్ముల కంటే డ్రైవర్లకే ఎక్కువ పనికొచ్చింది. తిరుపాలుకు గేటు పక్కన ఒక గది, మంచం, బుడ్డి ఫ్రిజ్జు, అరచేత్తో ఒకటి వేస్తే తప్ప చల్లబడని ఏసీ. పద్నాలుగేళ్లలో ఆ ఇంటి పిల్లలు ఐదుగురిని బడికి తీసుకెళ్లాడు. అందులో పెద్దవాడికి ఇప్పుడు మీసాలు, సొంత కారు. ఆ కారు రివర్సు చేయడం నేర్పింది కూడా తిరుపాలే, కాకపోతే ఆ పిల్లవాడు అది ఎక్కడా చెప్పుకోడు.

రెండున్నరేళ్ల కింద మే నెలలో తిరుపాలుకు నడుములో వెన్నుపూసల మధ్య బిళ్ల జారింది. ఆపరేషన్ చేసి, నలభై రోజులు స్టీరింగు ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఇంటి డ్రైవరు నలభై రోజులు పడుకుంటే నలభై ఒకటో రోజు లేచేది విమానం ఎక్కడానికే. నాగూర్ ఇద్దరు యజమానుల దగ్గరికీ వెళ్లి 'మాఫీ ముష్కిల్', ఏమీ ఇబ్బంది లేదు, అన్నాడు. రెండు ఇళ్ల కార్ల తాళాలూ తీసుకున్నాడు. రెండు ఇళ్ల పిల్లలు, ఇద్దరు ఇల్లాళ్ల బజార్లు, ఇద్దరు ముసలమ్మల ఆసుపత్రులు. మే, జూన్ ఎండలో అతని చొక్కా వీపున ఉప్పు చారలు కట్టేది. నలభై ఒకటో రోజు తాళాలు తెచ్చి తిరుపాలు దిండు పక్కన పెట్టి, కారులో ఏసీ గ్యాసు తగ్గిందని ఒక్కమాట చెప్పి వెళ్లిపోయాడు.

ఆ అక్టోబరులో ఒక పొద్దున నాగూర్ నమాజుకు లేవలేదు. నలభై ఆరేళ్లు. గుండె అన్నారు. డాక్టరు ఏమన్నా, తిరుపాలు మనసులో కారణం వేరే ఉంది. ఆ నలభై రోజుల రెండిళ్ల పనే నాగూర్‌ను తినేసిందని ఆయన నమ్మకం. ఈ మాట అంకాలమ్మకు కూడా చెప్పలేదు. చెప్పుకుంటే బరువు తగ్గుతుందేమోనని భయం, తగ్గించుకోవడానికి తనకు హక్కు లేదని ఇంకో భయం.

బడి దగ్గర గోడ వారగా ఒక చోటు ఉంది. మధ్యాహ్నం పూట అక్కడ మాత్రం నీడ పడుతుంది. నాగూర్ ఎప్పుడూ ముందే వెళ్లి కారు అక్కడ పెట్టి, సీటు వెనక్కి వంచి కునుకు తీసేవాడు. అతను పోయాక ఆ చోటులో నేపాలీ డ్రైవరు పెడతాడు, కేరళ డ్రైవరు పెడతాడు, ఖాళీగా ఉన్నా తిరుపాలు మాత్రం పెట్టడు. దూరంగా ఎండలో పెట్టి, స్టీరింగు మీద తువ్వాలు కప్పి కూర్చుంటాడు. మిగతా డ్రైవర్లు అతనికి ఎండ సోకిందని అనుకున్నారు. రెండేళ్లు రోజూ ఎండలో కూర్చుంటే సోకడంలో వింత లేదు.

అందువల్ల హసీనా ఫోనులో ఏడ్చినప్పుడు తిరుపాలుకు జాలి కలగలేదని కాదు, కానీ దానికంటే ముందు, బాకీ తీర్చుకునే దారి దొరికిందనిపించింది. మనిషి చచ్చిపోతే ముయ్యి వాడి ఇంటికి చేయాలి. ఊళ్లో అదే పద్ధతి. నాగూర్ చేను ఇప్పుడు కమలాదేవిగారి వంటిల్లు. బడి పిల్లలను దించాక పదకొండున్నర దాకా తిరుపాలుకు పని ఉండదు, ఇంటావిడ నిద్ర లేవదు. యజమానిని అడిగితే సరే అన్నాడు. ఏం పని అని అడిగాడు గానీ, వంట అని చెప్పేసరికి అరగంట నవ్వి, ఆ వంట తన ఇంట్లో మాత్రం చేయవద్దన్నాడు.

ఐదు వారాలు, శుక్రవారాలు పోను ముప్పై పూటలు. తిరుపాలు బస్సెక్కి వచ్చి, చేతులు కడుక్కొని, పొయ్యి ముందు నిలబడేవాడు. కమలాదేవిగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకొని, ఆపరేషన్ కాలు స్టూలు మీద పెట్టి వంట చెప్పేవారు. ఆమెది భీమవరం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, అక్కడ చెప్పే ఆమెకు లేచే వీలు లేదు, వినేవాడికి వండే రాత లేదు. మొదటి రోజు పోపులో ఆవాలు చిటపటమనే లోపల తిరుపాలు హాల్లోకి వెళ్లిపోయాడు. రెండో రోజు సాంబారులో బెల్లం ముక్క వేయమంటే ఎందుకని అడిగి, సమాధానం నచ్చక వేయలేదు. నాలుగో రోజు వంకాయలు కోస్తూ వేలు కోసుకున్నాడు. అయినా వంట ఆపలేదు. వేలికి గుడ్డ చుట్టుకొని మిగిలిన వంకాయలు కోశాడు.

కమలాదేవిగారు మొదటి వారమంతా మొగుడితో పోట్లాడారు, హోటలు నుంచి తెప్పించమని. రెండో వారం మాటలు తగ్గాయి. మూడో వారంలో ఒక రోజు తిరుపాలు ఆమె చెప్పినవన్నీ పక్కన పెట్టి, తనకు వచ్చిన ఒకే ఒక్క వంట చేశాడు. రాగి సంగటి, చెనిక్కాయలతో రుబ్బిన ఊరిబిండి పచ్చడి. ఆమె వేలితో నాలుకకు రాసుకొని చూసి, ఏమిటయ్యా ఇది అని అడిగి, రెండు ముద్దలు తిన్నారు. మరుసటి శనివారం ఆమే అడిగి చేయించుకున్నారు. ఈ సంగతి తోటికోడలికి చెప్పొద్దని మొగుడి దగ్గర మాట తీసుకున్నారు.

వేణుగోపాలరావుగారి ఇబ్బంది వేరు. ఆయన శుక్రవారాలు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో ఒక మిత్రుడి ఇంటి హాల్లో తెలుగు పిల్లలకు తెలుగు చెబుతాడు. వారానికి ఒక మాట తీసుకొని అర్థం, వాడుక రాయిస్తాడు. ఈ మనిషి ఎందుకు వస్తున్నాడని అడిగితే తిరుపాలు ముయ్యి అన్నాడు. ఆ మాట ఆయన ఎరగడు. నిఘంటువు తీస్తే బదులు అని, పెళ్లిలో చదివించే కానుక అని ఉంది. పెళ్లి ఎక్కడా కనబడలేదు. ఒక శనివారం వంటింట్లోకి వచ్చి, ముయ్యి అంటే పరస్పర సహకారం అనుకోవచ్చా అని అడిగాడు.

తిరుపాలు బియ్యం కడుగుతూ ఆలోచించాడు. "కాదు సారూ. సహకారమంటే సొసైటీ గదా. ఆడ సంతకం పెట్టాల."

అయితే అప్పు అనుకోవచ్చా అన్నాడు ఆయన.

"అప్పయితే ఇచ్చినోడు అడుగుతాడు. ఈడ ఇచ్చినోడు అడగకూడదు. తీసుకున్నోడే నిద్దర పోకుండా చూసుకోవాల."

అది న్యాయమేనా అని అడిగాడు ఆయన. న్యాయమో కాదో తెలియదని, చెనిక్కాయలు మాత్రం భూమిలో మిగలకుండా బయటికి వస్తాయని తిరుపాలు చెప్పాడు. వేణుగోపాలరావుగారు పిల్లల పుస్తకంలో ఒక పేజీ ఖాళీ వదిలాడు.

ముప్పయ్యో పూట వంట అయ్యాక ఆయన ఒక కవరు తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఊరికే పని చేయించుకోవడం ఆయన రక్తంలో లేదు. హసీనా లేని ఐదు వారాల జీతం కోసి, దాన్ని ఇతనికి ఇవ్వడం ధర్మమని లెక్క వేసుకున్నాడు. ఏ ఆఫీసులోనైనా అదే సరైన లెక్క. తిరుపాలు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇది తీసుకుంటే నేను కూలోన్ని అయితా సారూ. నాగూర్ దినాలు తీరవు, అట్లే ఉంటాయి."

"మరి ఏం చేయమంటావయ్యా?"

"హసీనా జీతం కోయొద్దండి. ఆమె డ్యూటీ ఒక్క దినం గూడా ఆగలే. చేతులు నావి, పని ఆమెదే."

వేణుగోపాలరావుగారు లేని మనిషికి జీతం ఎలా ఇస్తారన్నట్టు భార్య వైపు చూశాడు. కమలాదేవిగారు కుర్చీలోంచి కదలకుండా, "ఇచ్చేయండి. లేని మనిషి వంట ఐదు వారాలు నేనే తిన్నాను" అన్నారు. కవరు హసీనా పేరున అల్మారాలోకి వెళ్లింది.

హసీనా శనివారం పొద్దున దిగింది. కూతురికి ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోలు, తల్లీ బిడ్డా క్షేమం. వస్తూనే సంచీలోంచి చెనిక్కాయలు, ఊరగాయ తీసి గట్టు మీద పెట్టింది. పొయ్యి చుట్టూ, గోడ మీద, కప్పు మీద పసుపు మరకలు చూసింది. వంటకు వచ్చింది తిరుపాలేనని మూడో రోజే కమలాదేవిగారు ఫోనులో చెప్పారు, నవ్వాలో ఏడవాలో ఆమెకు అప్పుడే తెలియలేదు. తిరుపాలు ఆ రోజు గరిటె అప్పగించడానికి వచ్చాడు. అప్పగించి, ఐదు వారాలుగా మనసులో కట్టుకొచ్చిన మాట చెప్పాడు.

"ముప్పై పూటలంటే పదైదు దినాలు మ్మే హసీనా. ఇంగా ఇరవై అయిదు నిలిచినాయి. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పు. నేనుండంగా ఆలోచన చేయొద్దు."

హసీనా చేతిలో గిన్నె అలాగే ఉంది. ఏ దినాలన్నా అని అడిగింది. నాగూర్ చేసిన నలభై దినాలన్నాడు తిరుపాలు. అంతటితో ఆపుదామనుకున్నాడు. ఆగలేకపోయాడు. గోడ మీద పసుపు మరక కేసి చూస్తూ మిగతాది కూడా చెప్పేశాడు.

"వాడు ఆ దినాలు చేయకపోయింటే బతికుండేవాడు. రెండేండ్లయింది. నీ మొగం చూసినప్పుడంతా నాకు అదే."

హాల్లో పేపరు చదువుతున్న వేణుగోపాలరావుగారు పేపరు దించాడు. హసీనా గిన్నె కింద పెట్టింది. ఆమె ఏడవలేదు. కొంచెం కోపంగా కూడా ఉంది.

"ఆ నలబయ్యో దినం సందేళ ఆయన నాకు ఫోన్ చేసినాడు. తిరుపాలన్న ముయ్యి తీరింది, ఇంగ మనం బాకీ లేదు, ఈ పొద్దు కడుపు నిండా తిన్యా అన్నాడు. పదమూడేండ్లు మోసినాడు అన్నా దాన్ని."

తిరుపాలుకు ఏమీ అర్థం కాలేదు. తాను నాగూర్‌కు చేసిందేమిటని అడిగాడు.

"ఆయన ఈడికి వచ్చిన ఏడు మా నాలుగెకరాలు దున్నింది ఎవురు? విత్తనం ఏసింది ఎవురు? పెరికి కుప్ప బెట్టిచ్చింది ఎవురు? నేను బిడ్డని చెయ్యి పట్టుకోని గట్టున నిలబడుకొని చూసినా గదా. నలబై దినాలు. నేను ఏలు మడిచి ఫోన్‌లో ఆయనకు చెప్తాంటి."

తిరుపాలు దున్నిన మాట నిజమే. మరిచిపోయాడు. మరిచిపోవాలి కాబట్టే మరిచిపోయాడు. గుర్తొచ్చాక కూడా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అది ముయ్యి చేయడం కాదని, అంతకు ముందు తమ బావిలో పూడిక తీసేటప్పుడు హసీనా మామ వచ్చి తట్టలు మోశాడని, అది తీర్చానని చెప్పాడు. మామ మోసింది ఏ ముయ్యి తీర్చడానికో నీకు తెలుసునా అని హసీనా అడిగింది. తిరుపాలుకు తెలియదు. ఆమెకూ తెలియదు. తెలిసిన ఇద్దరు ముసలివాళ్లూ, ఆమె మామా తిరుపాలు తండ్రీ, ఎప్పుడో పోయారు.

వేణుగోపాలరావుగారు పిల్లల పుస్తకం తీసుకొని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. మరి మొదట ఎవరు చేశారని అడిగాడు. ఇద్దరూ ఆయన వైపు చూశారు, ఏడాదిలో మొదట ఏ వానచుక్క పడిందని అడిగిన మనిషి వైపు చూసినట్టు. కమలాదేవిగారు ఆయనను కూర్చోమన్నారు.

"ఆయన నీ కోసరం చెయ్యలే అన్నా," అంది హసీనా. "ఆయన కోసరం చేసుకున్నాడు. దించుకోని పోయినాడు. దాన్ని మళ్లా నువ్వు ఎత్తుకుంటే ఎట్ల?"

తిరుపాలు కళ్లు తుడుచుకున్నాడు. వంటింట్లో ఉల్లిపాయలేమీ కోయడం లేదు కాబట్టి ఎవరూ వేరే కారణం వెతకలేదు. ఆ లెక్కన ఇప్పుడు చేసిన ముప్పై పూటలు తీరడం కిందికి రావు కదా, అవి కొత్తగా పదిహేను దినాల ముయ్యి అవుతాయి అనబోయాడు.

"నువ్వు లెక్క చెప్పాకు," అంది హసీనా. "ఇప్పుడు లెక్క నాది."

అది పద్ధతి. వేణుగోపాలరావుగారు ఖాళీ పేజీలో 'లెక్క చేయించుకున్నవారిది' అని రాసుకొని, కింద గీత గీశాడు. అర్థం దగ్గర మాత్రం ఖాళీ అలాగే ఉండిపోయింది.

మరునాడు ఆదివారం తిరుపాలు ఎప్పటిలాగే మధ్యాహ్నం బడి దగ్గరికి వెళ్లాడు. గోడ వార నీడ చోటు ఖాళీగా ఉంది. ముందు దాన్ని దాటి ఎండలోకే వెళ్లాడు, అలవాటు. కారు ఆపి, తువ్వాలు తీసి, స్టీరింగు మీద కప్పబోయి ఆగాడు. మళ్లీ బండి తిప్పి, వెనక్కి తీసుకొచ్చి, గోడ వార నీడలో పెట్టాడు. ఇంజను ఆపి అద్దం కొంచెం దించాడు. కేరళ డ్రైవరు ఒకడు తన చోటు పోయిందని హారను కొట్టి, లోపల ఉన్నది ఎవరో చూసి, చెయ్యి ఎత్తి ముందుకు పోయాడు. తిరుపాలు సీటు వెనక్కి వంచాడు. పిల్లలు వచ్చి అద్దం తట్టి యల్లా యల్లా అని తొందరపెట్టేదాకా ఆయనకు మెలకువ రాలేదు.